ఆరుబయటి శిల్పం

చిత్రాన్ని ఒకచోట నిలిచి చూడవచ్చును. శిల్పాన్ని చూడదలచినవాడు దాని చుట్టూ తిరుగవలసినదే. ఎండ మారినకొద్దీ దాని ముఖమూ మారుతుంది. ఢిల్లీలో ఇండియా గేటు పచ్చిక బయళ్లకు చేరువనున్న జయపూరు భవనానికి పోయినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. 1936లో జయపూరు మహారాజు నివాసంగా నిర్మితమైన ఆ సౌధంలో 1954 మార్చి 29న జాతీయ ఆధునిక కళామందిరం వెలసినది. ప్రారంభోత్సవాన ఏర్పాటైన ప్రదర్శన శిల్పాలదే కావడం గమనింపదగినది.

లోపల అమృతా షేర్‌గిల్ చిత్రాలను చూచి తోటలోనికి రాగా దేవీప్రసాద్ రాయ్ చౌదురి 'శ్రమ విజయం' మనలను నిలవేస్తుంది. ఈ శిల్పి 1929 మొదలు సుమారు మూడు దశాబ్దాలు మద్రాసు చిత్రకళాశాలకు అధిపతి. ఆంధ్ర చిత్రకారులు పలువురు ఆయన వద్ద విద్య నేర్చినవారే. నలుగురు మనుష్యులు ఒక బండను పెకలిస్తున్నారు. పేరులో విజయం ఉన్నది గాని, శిల్పంలో అది ఇంకా సిద్ధించలేదు. వంగిన వెన్నులు, బిగిసిన కండరాలు, లొంగని రాయి – ఇంతే. కష్టాన్ని అలంకరించక చూపడమే ఈ రచనలోని నిజాయితీ.

ఇదే శిల్పం 1959 నుండి మద్రాసు సముద్రతీరాన కూడ ఉన్నది. 1923లో సింగారవేలర్ మన దేశంలో మొదటి మే దినోత్సవాన్ని జరిపినది ఆ నగరపు తీరంలోనే. అక్కడ ఉప్పుగాలి దానిపై వీస్తుంది. కూలివాడు పనికి పోతూ దానిని చూస్తాడు. ఢిల్లీలో చూడగోరువాడు ద్వారం వద్ద రుసుము చెల్లించాలి. రూపం ఒకటే, ప్రేక్షకుడు వేరు.

శాంతినికేతనంలో రామకింకర్ బైజ్ 1938లో నిర్మించిన 'సంథాల్ కుటుంబం' ఈ చిక్కును మరొక విధంగా పరిష్కరించినది. కంచు జోలికి పోక, సిమెంటూ ఎర్రకంకరా కలిపి, సంథాలులు నడిచే నేలమీదనే ఆయన వారిని నిలిపినాడు. దేవీప్రసాద్ మానవులు బలంలో మనకంటె అధికులు; రామకింకర్ మానవులు మనతోబాటు నడిచేవారు.

కళామందిరం అనవసరమని దీని అర్థం కాదు. రక్షణ లేనిచోట కళ నశిస్తుంది. అయితే శ్రామికుని మూర్తిని భద్రపరచిన తోటలోనికి శ్రామికుడు సంకోచం లేక రాగలిగిననాడే ఆ రక్షణ సార్థకం.