నల్లదొరతనము – మన పేటలలో



మన తాతల కాలమున గోదావరి తీరమందు రెండు పాటలు వినబడినవి. మొదటిది గరిమెళ్ళ సత్యనారాయణగారి “మాకొద్దీ తెల్లదొరతనము”. సహాయ నిరాకరణ దినములలో అది ఊరూర మారుమ్రోగెను. దానిని పాడినందుకు ఆయన చెరసాలకు వెళ్ళెను. నేటికిని దేశభక్తి గీతములలో దానికి గౌరవస్థానమున్నది. రెండవ పాటను అంతగా ఎవరును తలంపరు. అది రాజమహేంద్రవర వాసియు, ఆయుర్వేద వైద్యుడునైన కుసుమ ధర్మన్నగారు 1921 ప్రాంతమున వ్రాసిన “మాకొద్దీ నల్లదొరతనము”. ధర్మన్నగారు అస్పృశ్యులని లోకము దూరముంచిన కులమున పుట్టినవారు. తరువాత “జయభేరి” అను పత్రికను నడిపి, 1946లో గతించిరి.

ఈ రెండవ పాటను గూర్చి నా అభిప్రాయము వ్రాయగోరుచున్నాను. ఇది స్వరాజ్యమునకు అడ్డుపడిన పాటయనియు, తెల్లవారికి మేలుచేసిన పాటయనియు నిందించినవారు కలరు. ఆ నింద నాకు న్యాయముగా తోచదు. ఎదుటివాని పల్లవినే తీసికొని, ఒక్క మాట మార్చి, వాని ముందరనే నిలిచి పాడుట శత్రువు పని కాదు, “నీవు కోరు స్వేచ్ఛలో నాకు పాలెంత?” అని అడుగు తమ్ముని పని. ఆయన ఆ ప్రశ్నను గాలిలో అడుగలేదు. పండ్రెండు నెలలు పాలేరుతనము చేసి, ఆలుబిడ్డలు సహితము కామందు పొలములో పాటుపడినను పస్తులు తప్పని యింటిని చూపించి అడిగెను. డెల్టా భూములు ఎవరికి పండెనో, ఆ పంటను ఎవరు కోసిరో ఎరిగినవారికి ఆ పాట అర్థము చెప్పనక్కరలేదు. పాండిత్యము కొరకు దానిని వెదకువారు నిరాశపడుదురు. కూలివాని లెక్కకు అలంకారమెందుకు?

అయితే నేను చదివినంతలో ఆ పాటలో ఒక కొరత కనబడుచున్నది. దాని వ్రేలు ఎల్లప్పుడు పైవానివైపే చూపును. పేటలోపలి దొరతనము దానికి చిక్కలేదు. దానిని చూపించుట పాటకునివంతు కాదేమో, పాదిరివంతు.

బౌడెనుగారును బీరుగారును 1836లో ఈ డెల్టాకు సువార్త తెచ్చిరి. కొన్ని సంవత్సరములకు లూథరను మిషనువారు రాజమహేంద్రవరము చేరిరి. మన జనులు తండోపతండములుగా బాప్తిస్మము పొందిరి. పేరులు మారినవి. పేటలు మారలేదు. మాలపేటలో ఒక గుడి, మాదిగపేటలో ఒక గుడి. ఒకే గుడియైనచోట ఒక ప్రక్క వీరి చాపలు, ఒక ప్రక్క వారి చాపలు. నేను సెమినరీలో గలతీయులకు వ్రాసిన పత్రిక చదివినప్పుడు, అంతియొకయలో పేతురు భోజనపు బంతినుండి వెనుకకు తీయుటయు, పౌలు అందరియెదుట ఆయనను నిలదీయుటయు పాతకథగా చదివితిని. గ్రామ సంఘమునకు వచ్చిన మొదటి కోత పండుగనాడు రెండు పొయ్యిలు వెలుగుట చూచి ఆ అధ్యాయము మరల తెరచితిని.

ఇక రాజకీయ పక్షములవారు మన విభజనలను కలిగించిరని చెప్పుకొనుట మనకు అలవాటైనది. ఇది సగము నిజము. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు హిందువులకు మాత్రమే ఆ హోదానిచ్చెను, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రమున బాప్తిస్మము పొందిన షెడ్యూల్డు కులములవారిని బి.సి.-సి తరగతిలో ఒక శాతమునకు కుదించిరి. అమలాపురము, రాజోలు, పి. గన్నవరము నియోజకవర్గములలో పోటీచేయగోరు మన పిల్లవాడు ఏ మతము వ్రాయవలెనో మీకు తెలియును. కావున మన బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, తహసీల్దారు కచేరీలో ఇంకొక పేరు. ఈ అబద్ధము పేదవాడు కల్పించినది కాదు, చట్టము అతనిచేత పలికించుచున్నది. పలికినవానిని మాత్రమే తప్పుపట్టు ప్రసంగికులతో నేను ఏకీభవింపను. 2023లో శాసనసభ దీనిని సవరింపుమని తీర్మానించి పంపినది. తీర్మానము చేయుట సులువు.

పైవాని దొరతనము పోయెనని ఎవరైన తలంచినయెడల అమలాపురము చూడవచ్చును. కోనసీమ జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చుటను ఎదిరించుచు 2022 మే 24న జనసమూహము మంత్రి యింటిని, శాసనసభ్యుని యింటిని తగులబెట్టెను. ధర్మన్నగారి పాట నూరేండ్లు దాటినను పాతబడలేదు.

అది ఒక సగము. రెండవ సగము మన చేతిలోనిది. షెడ్యూల్డు కులముల వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీముకోర్టు అనుమతినిచ్చెను. 2025లో మన రాష్ట్రము రెల్లి వర్గమునకు ఒక శాతము, మాదిగ వర్గమునకు ఆరున్నర, మాల వర్గమునకు ఏడున్నర అని పంచెను. పంపకము న్యాయమా కాదా అని పౌరులుగా వాదించుకొనుటకు మనకు హక్కున్నది. కాని ఆ వాదము ప్రభురాత్రి భోజనమునకు వచ్చినప్పుడు ఏమి చేసితిమి? మా సంఘములో ఒక ఆదివారము ఒక వరుసవారు గిన్నె దగ్గరకు రాలేదు. ఎన్నికలవేళ పక్షముల పెద్దలు వచ్చి “మీ పేట ఓట్లు మావేగదా, పాదిరిగారూ” అనిరి. పేటగా పంచుకొనియున్న సంఘమును వారు పేటగా లెక్కించుట వారి దోషమా?

నా సంగతియు చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా గాయక బృందములో ఒక పేట చిన్నదియు, రెండవ పేట చిన్నవాడును వివాహము చేసికొనగోరి నాయొద్దకు వచ్చిరి. ఇరువురును బాప్తిస్మము పొందినవారు, ఇరువురును నాచేత స్థిరీకరణ పొందినవారు. రెండు వైపుల పెద్దలును వద్దనిరి. “కొంచెము ఆగుడి, అమ్మా” అని ఆ చిన్నదానితో చెప్పితిని. వారు ఆగక పొరుగు పట్టణములో రిజిస్ట్రారు యెదుట పెండ్లిచేసికొనిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు వంటవారును నీళ్ళు మోయువారును మానుకొనగా, భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా నీళ్ళు తెచ్చి వంటచేసిరని చెప్పుదురు. నాకు నీళ్ళు మోయువారు మానుదురను భయమైనను లేదు. సంఘ చందా తగ్గునని భయపడితిని. అంతే.

ఆ దంపతులకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. మా వివాహ రిజిస్టరులో వారి పేరులు లేవు. గత నెలలో సంఘ పెద్దల కూటములో ధర్మన్నగారి పాటను మొదటినుండి చివరవరకు చదివించి, తరువాత ఈ సంగతి ఎత్తితిని. ఇద్దరు పెద్దలు లేచి వెళ్ళిరి, నలుగురు కూర్చుండిరి. ఆ నలుగురి సంతకములతో, పిల్లల బాప్తిస్మమునకు రమ్మని ఆ యింటికి ఉత్తరము వ్రాసితిని. జవాబు ఇంకను రాలేదు.