పెనం మీద శీలావతి

కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో రోడ్డు పక్క పాకహోటలుకు వెళ్తే తినాల్సింది శీలావతి చేప వేపుడే. కొరమేను ఖరీదు, వంజరం సముద్రం నుంచి రావాలి. శీలావతి, బొచ్చె మాత్రం దారికి రెండు పక్కలా ఉన్న చెరువుల్లోనే పెరుగుతాయి. అందుకే చవక, అందుకే తాజా.

అసలు పనితనం కత్తి దగ్గరే మొదలవుతుంది. శీలావతి కండలో సన్నటి ముళ్లు ఎక్కువ. చెయ్యి తిరిగినవాళ్లు ముక్కకు దగ్గర దగ్గరగా గాట్లు పెడతారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద ఆ గాట్లలోకి దిగుతాయి. తర్వాత కాగిన నూనె కూడా అక్కడికే చేరి ఆ ముళ్లను కరకరలాడేలా వేపేస్తుంది. ఇక కావలసింది ఓపిక. ముక్కను ఊరికే కదిపితే చితికిపోతుంది. అడుగు ఎర్రబడి, తనంతట తాను పెనాన్ని వదిలేదాకా ఆగి, ఒక్కసారే తిప్పాలి. ఎదురుగా పదిమంది ఆకలితో తొందరపెడుతున్నా మంట పెంచని ఆ నిబ్బరం నాకెంతో ఇష్టం. ఎర్ర రంగు కలిపే చోట్లూ ఉన్నాయి. మంచి కారం పడితే దాని అవసరమే ఉండదు.

చివర్లో కరివేపాకు చిటపటలాడించి, ఉల్లిపాయ చక్రాలు, నిమ్మచెక్కతో పెడతారు. వేడి తగ్గకముందే వేళ్లతో తుంచుకుని, పప్పుచారు అన్నంలో నంజుకు తినండి.