మల్లీశ్వరి - పలుకని వలపు

బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థ పక్షమున నిర్మించి 1951 డిసెంబరులో విడుదల చేసిన ‘మల్లీశ్వరి’ని రాయలకాలపు వైభవమును చూపు చిత్రమని చాలమంది మెచ్చుకొందురు. వైభవము నిజమే. కాని ఆ కథకు ప్రాణము కొలువుకూటములో లేదు; ఒక మాట తొందరపడి పలుకుటలోను, మరియొక మాట పలుకలేకపోవుటలోను ఉన్నది.

నాగరాజు, మల్లి బావామరదళ్ళు. వానకు తలదాచుకొన్న చోట మారువేషముననున్న శ్రీకృష్ణదేవరాయలు వారికి తారసపడుదురు. ఆయన ఎవరో ఎరుగని నాగరాజు, మల్లికి పల్లకి పంపుమని రాయలవారితో చెప్పుడని పరిహాసమాడును. పల్లకి నిజముగనే వచ్చును. అప్పటికి ఆతడు ధనార్జనకై ఊరు విడిచియున్నాడు. రాణివాసము చేరిన స్త్రీ పరపురుషుని కలిసికొనుట మరణదండనకు తగిన నేరము.

మాటలు, పాటలు రెండును దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివే. తొలిభాగమున బావామరదళ్ళచే తనివితీర మాటలాడించిన కవి పిదప వారి నోరు కట్టివేసినాడు. ఎడబాటులో మేఘముతో కబురు పంపు పాట వినగనే కాళిదాసుని యక్షుడు స్ఫురించును. అయితే యక్షుని శాపము ఏడాదితో తీరును. అంతఃపురము చేరిన మల్లికి గడువన్నదే లేదు. గడుసుమాటకు పేరుపడిన భానుమతిగారు ఇచట రెప్పలు వాల్చియే నటించినారు.

మతిచలించిన నాగరాజు ఆమె రూపమును రాళ్ళపై చెక్కును. ఆ పనితనమే ఆతనిని విజయనగరమునకు చేర్చును. కోలారు సోమేశ్వరాలయపు కల్యాణమండపమును చూచిన మనవారికి ఈ ఘట్టము పరాయిదిగా తోచదు. అవియును విజయనగరకాలపు శిల్పములే. చెక్కినవారు ఎవరిని మనసున నిడుకొని చెక్కిరో చెప్పువారు లేరు.

నన్ను మిక్కిలి కలచిన పాత్ర మల్లి తల్లి. బిడ్డను పల్లకి ఎక్కించి ఆమె మురిసినది. ఋష్యేంద్రమణిగారు ఆమెను దుష్టురాలుగా గాక, బిడ్డ సుఖమే కోరితినని నమ్ము తల్లిగా చూపినారు. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడువరకు తరతరములుగ ఈ నేలలో బ్రదికిన కుటుంబములకు, బంగారము ఎవరి ఊపిరితో పైకి వచ్చునో, ఎవరి ఒంటికి చేరునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ తల్లి మన వీధిలోని మనిషివలెనే కనబడును.

చివరి క్షమాభిక్షయే నాకు వెలితి. రాయలవారు కరుణించి ఇరువురను విడిపించుటతో ప్రేక్షకుడు కన్నులు తుడుచుకొని లేచును. శాసనము మాత్రము చెక్కుచెదరలేదు. అదే రాణివాసమునకు తక్కిన పల్లకులలో వచ్చిన కన్యల సంగతి, ఊళ్ళలో మిగిలిన వారి బావల సంగతి చిత్రములో ఎవరును అడుగరు.