తీర్పు రాని కేసు: హొసే లారెల్ యుద్ధ జ్ఞాపకాలు

జైల్లో రాసిన పుస్తకాలు మనకి కొత్త కాదు. కానీ రాసినవాడు సుప్రీంకోర్టు మాజీ జడ్జి, మెడ మీద వేలాడుతున్నది దేశద్రోహం కేసు అయినప్పుడు, జ్ఞాపకాలు కూడా కోర్టులో వాదనలాగే నడుస్తాయి. ఫిలిప్పీన్స్ నాయకుడు హొసే పి. లారెల్ టోక్యోలోని సుగామో జైల్లో రాసుకున్న యుద్ధ జ్ఞాపకాలు అలాంటివే. ఆయన 1959లో పోయాడు, పుస్తకం 1962లో వచ్చింది.

1941 డిసెంబర్‌లో జపాన్ సేనలు మనీలా వైపు వస్తుంటే అధ్యక్షుడు క్వెజాన్ కొరెహిదోర్ దీవికి వెళ్లిపోయాడు. లారెల్ ఉండిపోయాడు. ఉండమన్నది క్వెజానే అన్నది ఆయన మొదటి వాదన. 1943 జూన్‌లో గోల్ఫ్ ఆడుతుండగా ఆయన మీద కాల్పులు జరిగాయి, బతికాడు. అదే ఏడాది అక్టోబర్ 14న జపాన్ అండతో ఏర్పడిన రిపబ్లిక్‌కి అధ్యక్షుడయ్యాడు. మరుసటి నెల టోక్యో సమావేశంలో తీసిన ఫోటోలో ఆయన పక్కన నిలబడింది మన సుభాష్ చంద్ర బోసే.

ఆ ఫోటో చూసి మనం బోసుని ద్రోహి అనం. మరి లారెల్‌ని కీలుబొమ్మ అనేయడం ఎందుకంత సులువు? ఒక తేడా ఉంది. బోసు తన దేశాన్ని ఏలుతున్నవాడి శత్రువుతో చేయి కలిపాడు. లారెల్ చేయి కలిపింది తన దేశాన్ని అప్పుడే ఆక్రమించినవాడితో. పైగా ఫిలిప్పీన్స్‌కి స్వాతంత్ర్యం ఇస్తామని అమెరికా 1934లోనే చట్టం చేసింది.

లారెల్ వాదనలో బలమైన భాగం సైన్యం గురించి. 1944 సెప్టెంబర్‌లో అమెరికా మీద యుద్ధస్థితి ప్రకటించాడు, కానీ ఫిలిపినో కుర్రాళ్లని సైన్యంలోకి లాగడానికి ఒప్పుకోలేదు. ఇది చిన్న విషయం కాదు. జపాన్‌కి కావాల్సింది కాగితం మీద సంతకం కాదు, తుపాకీ పట్టే మనుషులు.

నన్ను ఇబ్బంది పెట్టింది ఆ వాదన వెనకున్న తర్కం. 'నేను లేకపోతే ఇంతకన్నా ఘోరం జరిగేది' అనే మాటని రుజువు చేయలేం, కొట్టిపారేయనూ లేం. మా సాఫ్ట్‌వేర్ పనిలో కూడా అంతే, జరగని ప్రమాదానికి లాగ్ ఉండదు. జరిగినదానికి మాత్రం ఉంటుంది. 1944లో మనీలా జనం బియ్యం దొరక్క ఆకలితో అల్లాడారు. ఆ లెక్క కూడా ఆయన ప్రభుత్వం ఖాతాలోదే.

ఇక హొసే అబాద్ శాంతోస్ ఉన్నాడు. ఆయన దేశ ప్రధాన న్యాయమూర్తి. జపాన్‌కి సహకరించనన్నందుకు 1942 మేలో కాల్చి చంపారు. 'వేరే దారి ఏముంది?' అని లారెల్ అడిగినప్పుడల్లా నాకు ఈయనే గుర్తొచ్చాడు. అయితే అందరూ చావుని ఎంచుకోవాలని ఒక దేశాన్ని అడగగలమా? ఈ ప్రశ్నని పక్కన పెట్టి లారెల్‌ని తిట్టేవాళ్లని నేను నమ్మలేను.

1946లో స్వదేశం తిరిగొచ్చిన లారెల్ మీద 132 అభియోగాలు మోపారు. విచారణ పూర్తి కాకుండానే, 1948 జనవరిలో అధ్యక్షుడు రోహాస్ క్షమాభిక్ష ప్రకటించాడు. ఆ రోహాస్ కూడా 1943 రాజ్యాంగం రాసిన సంఘంలో సభ్యుడే! 1949లో లారెల్ అధ్యక్ష ఎన్నికల్లో ఓడిపోయాడు, 1951లో సెనేటర్‌గా గెలిచాడు. కోర్టు చెప్పాల్సిన మాట బ్యాలెట్ పెట్టె చెప్పినట్టయింది.

ఇక్కడే నాకు అసలు విషాదం కనిపిస్తుంది. 1940లో ఆంగ్ తిబాయ్ అనే చెప్పుల కంపెనీ కార్మికుల కేసులో, విచారణ అంటే ఏమిటో సూత్రాలుగా రాసిన జడ్జి లారెలే. సాక్ష్యాన్ని తూచాలి, కారణాలు చెప్పి తీర్పు ఇవ్వాలి అన్నాడు. చెప్పుల కంపెనీకీ కార్మికులకీ ఆయన ఇచ్చిన ఆ హక్కు ఆయన కేసుకే దక్కలేదు. ఆక్రమణలో బతికిన జనానికీ దక్కలేదు. క్షమాభిక్ష లారెల్‌ని కాపాడింది, నిర్దోషి అని మాత్రం చెప్పలేదు. ఎవరు ఎంతవరకు లొంగారు, ఎక్కడ ఎదురు నిలిచారు అన్న లెక్క తేలకుండానే ఫైలు మూసేశారు.

అందుకే ఈ పుస్తకాన్ని లారెల్ మంచివాడా చెడ్డవాడా అని తేల్చుకోవడానికి చదవకండి. ఎదుటి లాయరు లేని కోర్టులో ఒక తెలివైన జడ్జి తన తరఫున తానే వాదించుకుంటే ఎలా ఉంటుందో చూడటానికి చదవండి. అవతలి పక్షం వాదన మనమే కట్టుకోవాలి. తీర్పు కూడా మనమే రాసుకోవాలి, కారణాలతో సహా.