రాజీ సొమ్ము, అమ్మమ్మ కవిత

కొరియా సినిమాలో ముసలామె అనగానే మనకు 'ఓ బేబీ' గుర్తొస్తుంది. 2014 నాటి 'మిస్ గ్రానీ'ని నందినీరెడ్డి 2019లో తెలుగు చేశారు. ఆమె పాట లోకానికి వినబడాలంటే పడుచుపిల్లగా మారాల్సిందే! 2010 కాన్ ఉత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి పొందిన లీ చాంగ్‌డాంగ్ 'పొయెట్రీ'లో మాత్రం అరవయ్యారేళ్ళ మిజా, మాటలు మరిచిపోతూనే, కవిత రాస్తుంది.

కూతురు దూరాన ఉంటే మనవణ్ణి సాకే మిజా నాకు కొత్త కాదు. కొడుకూ కోడలూ వలసపోతే పిల్లల్ని సాకే అవ్వలు మా పాలమూరులో ఎందరో. ఆ మనవడూ, మరో ఐదుగురూ చేసిన అత్యాచారాలకు ఓ బాలిక ఏట్లో దూకి చనిపోయింది. మగపిల్లల తండ్రులు డబ్బుతో రాజీకి సిద్ధపడి, ఆడమనిషి కదా అని మిజాని ఆ పిల్ల తల్లి దగ్గరకు పంపుతారు. పొలంలో ఆమె కనబడగానే, వచ్చిన పని మరిచి, రాలిన పండ్ల గురించి మాట్లాడి వచ్చేస్తుంది మిజా.

అది జబ్బు తెచ్చిన మరుపేనా? మనసు ఒప్పుకోకపోవడం కూడానా? దర్శకుడు తేల్చడు. అది సినిమా బలం. కానీ ఆ రైతు తల్లి చివరికి రాజీకి ఎందుకు ఒప్పుకుందో ఆమె నోట మనం వినం. రాజీ మాట మోయడానికి ఆడవాళ్ళని పంపడం మన పంచాయితీల్లోనూ ఎరుగుదుం. మిజాకు కవిత దక్కింది. ఆ తల్లికి ఒక్క మాటైనా దక్కాల్సింది.