పుహ్‌పుట్రా గోడల మీది సంసారం

రాయ్‌పూర్‌కు ఉత్తరాన భన్‌పురి మీదుగా బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డు లారీలది. ఇనుము మోసే బండ్లు, ఫ్యాక్టరీ గేట్లు, వాటి ఎదుట టీ బంకులు. ప్రకృతిని గీద్దామని స్కెచ్‌బుక్కుతో బయల్దేరినవాళ్లు ఇక్కడ బండి ఆపరు. అదే దారిన బిలాస్‌పూర్ దాటి అంబికాపూర్ వైపు సాగితే, మూడొందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో సర్గుజా జిల్లా పుహ్‌పుట్రా ఊరుంది. మట్టిబొమ్మల కళాకారిణి సోనాబాయి రజ్వార్ కాపురం చేసిన ఊరు అది.

సోనాబాయి 1930 ప్రాంతంలో పుట్టింది. పెళ్లయ్యాక భర్త ఆమెను గడప దాటనివ్వలేదు. దాదాపు పదిహేనేళ్లు ఇరుగుపొరుగుతో రాకపోకలు లేవు. కొడుకు దరోగారామ్ చిన్నవాడు, ఆడుకోవడానికి ఏమీ లేదు. అమ్మ మట్టి పిసికి బొమ్మలు చేసి ఇచ్చింది. ఆ బొమ్మలు కొన్నాళ్లకు గోడలెక్కాయి: పిట్టలు, కోతులు, పాములు, డప్పు వాయించేవాళ్లు, వేణువు పట్టిన కృష్ణుడు. రంగులకు కొట్టుకెళ్లే వీల్లేదు కనుక వంటింటి దినుసులు, ఆకులే రంగులయ్యాయి.

ఎండకు కూడా ఆమె ఉపాయం కనిపెట్టింది. వెదురును బద్దలుగా చీల్చి, గుండ్రంగా వంచి, ఒకదానికొకటి కట్టి, పైన మట్టి మెత్తింది. వసారా స్తంభాల మధ్య ఆ జాలీలు నిలబెడితే ఎండ ముక్కలై నేల మీద పడుతుంది, వేడి తగ్గుతుంది. జాలీ కన్నాల్లో చిన్న చిన్న పిట్టలు, మనుషులు. నీడ కోసం చేసిన పనే బొమ్మల కొలువైంది.

ఇదంతా గాల్లోంచి ఊడిపడలేదు. పంట ఇంటికొచ్చాక పుష్య పున్నమికి వచ్చే ఛేర్తా పండుగకు, సోనాబాయి కులమైన రజ్వార్ల ఆడవాళ్లు గోడలు అలికి, తెల్లమట్టి పూసి, అంచులు తీర్చడం ఎప్పటినుంచో ఉంది. మన పల్లెల్లో సంక్రాంతి ముందు సున్నాలూ ముగ్గులూ లేవా, అలాగే. సోనాబాయి ఆ అంచులను దాటి గోడంతా మనుషులతో నింపింది.

భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం 1982లో మొదలైంది. చిత్రకారుడు జె. స్వామినాథన్ పూనికతో అక్కడివాళ్లు గిరిజన, జానపద కళాకారులను వెతుక్కుంటూ ఊళ్లు తిరిగారు. అలా పుహ్‌పుట్రా ఇల్లు లోకానికి తెలిసింది. 1983లో సోనాబాయికి రాష్ట్రపతి అవార్డు దక్కింది.

అప్పటినుంచి ఆమె గురించి రాసేవాళ్లకు ఒక మాట అలవాటైంది: ఒంటరితనమే ఆమెను కళాకారిణిని చేసిందని. వినడానికి బాగుంటుంది గానీ, భార్యను ఇంట్లో కట్టిపడేసినందుకు భర్తకు మెడల్ ఇచ్చినట్టుంటుంది. దీనికి భిన్నంగా రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు ఇల్లు చూడండి. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి, గోదావరినీ తెలుగు ఆడవాళ్లనూ గీసిన ఆ మనిషి 1925లో మశూచితో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండనివాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. అక్కడ నేర్పేవాళ్లున్నారు, చూసి బాగుందనేవాళ్లున్నారు. సోనాబాయికి దొరకనిది అదే. దొరికి ఉంటే ఆమె బొమ్మలు తగ్గిపోయేవని అనుకోవడానికి కారణమేమీ లేదు.

భన్‌పురిలో పెన్సిల్ పట్టేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఒకటుంది. పుహ్‌పుట్రా బొమ్మలకు కూర్చోబెట్టి గీసుకున్న మోడళ్లు లేరు. వాటి ముఖాల్లో వివరం తక్కువ. నడుము వంపు, ఎత్తిన చెయ్యి, తల వాల్చిన తీరు చూస్తే ఎవరేం చేస్తున్నారో తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్లను గీసేవాళ్లకూ ఇదే దారి. బియ్యం ఏరుతున్న అత్తగారు పది నిమిషాలు కదలకుండా ఉండదు, ఉండమనీ అనలేం. ముందు వీపు గీత పట్టుకోవాలి, చేతులు తర్వాత, ముఖం వీలైతేనే.

సోనాబాయి 2007లో కన్నుమూసింది. తర్వాత రెండేళ్లకు అమెరికాలోని శాన్ డియాగో మింగే మ్యూజియంలో ఆమె పని ప్రదర్శనకు పెట్టారు. మట్టిబొమ్మలతో ఆడుకున్న దరోగారామ్ పెద్దయ్యాక తానూ మట్టి పనే చేపట్టాడు.