తంగేడు పూల తేనీరు: గుణదోష విచారణ

కర్నూలు నుండి కడపకు పోవు బాటలో ఇరుప్రక్కల చూచినచో, ఇతర మొక్కలు వాడిపోయిన ఎండు నేలలలో సైతము పసుపుపచ్చని పూలతో నిలిచియుండు పొద ఒకటి కనబడును. అదియే తంగేడు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ జిల్లాలలో దీనికి ఎవరును నీరు పోయనక్కరలేదు. రైతులు దీని రొట్టను మళ్లలో త్రొక్కి ఎరువుగా వాడిరి. దీని బెరడులోని టానినులతో తోళ్లను పదును చేసిరి.

ఇప్పుడీ పూవులే ఎండి, పొట్లములలో చేరి, తంగేడు టీ అను పేర అంగళ్లకు వచ్చుచున్నవి. ఇట్టి పానీయములను గూర్చిన ప్రకటనలలో మూడు మాటలు తరచుగా వినబడును: మధుమేహము తగ్గును; ఒంటిలోని మలినములు పోవును; ప్రకృతిసిద్ధము గనుక హాని లేదు. ఈ మూడు మాటలలో నిజమెంత? పాఠశాలలో విజ్ఞానశాస్త్రము చదువుకొనిన వారు తమంతట తామే విచారించి చూడదగిన ప్రశ్న ఇది.

మొదట గుణమును చెప్పుకొందము. తమిళనాటి సిద్ధవైద్యులు తంగేటిపూవును అతిమూత్ర వ్యాధికి చిరకాలముగా వాడుచున్నారు. శ్రీలంకలో దీని ఆకులను తేయాకునకు బదులుగా కాచుకొను అలవాటు కలదు. పాలు, చక్కెర లేకుండ త్రాగినచో ఇంకొక లాభమున్నది. దినమునకు మూడు కప్పుల టీ, కప్పునకు రెండు చెంచాల చక్కెర చొప్పున త్రాగువాడు ఆరు చెంచాల చక్కెర, అనగా సుమారు 30 గ్రాములు, తినుచున్నాడు. అతడు దానిని మాని తంగేడు నీరు త్రాగినచో రక్తములోని చక్కెర కొంత తగ్గవచ్చును. అయితే ఆ గొప్ప చేరిన పూవుదా, పోయిన చక్కెరదా? వేడినీళ్లు మాత్రమే త్రాగిన మరొకనితో పోల్చి చూడనిదే ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

ఇక పరిశోధనల మాట. 2002లో పారి, లత అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై జరిపిన పరీక్షను ప్రకటించిరి. స్ట్రెప్టోజోటోసిన్ అను రసాయనముతో ఎలుకల క్లోమములో ఇన్సులిన్ తయారుచేయు కణములను దెబ్బతీసి, తరువాత 30 దినములు తంగేటిపూల నీటిసారమును పట్టించిరి. కిలో బరువునకు 0.45 గ్రాముల చొప్పున ఇచ్చినప్పుడు ఎలుకల రక్తములో చక్కెర బాగుగా తగ్గినది. ఇది విలువైన పరిశోధనయే. కాని దీనిని కప్పులోని తేనీటికి అన్వయించుటకు ముందు కొంచెము లెక్క వేయవలెను.

60 కిలోల మనిషికి అదే చొప్పున 27 గ్రాముల సారము కావలెను. చిన్న జంతువుల జీవక్రియ వేగము ఎక్కువ గనుక, ఎలుక మోతాదును సుమారు ఆరుచే భాగించి మనిషికి అంచనా వేయుట శాస్త్రజ్ఞుల పద్ధతి. అట్లు చేసినను దాదాపు నాలుగున్నర గ్రాములు వచ్చును. అదియు పూవులు కాదు, వానినుండి తీసిన సారము. కప్పులో వేయు పూరేకులు రెండు గ్రాములనుకొన్నచో, అయిదు నిమిషములలో నీటిలోనికి దిగునది అందులో ఒక భాగము మాత్రమే. పైగా పెద్దవారికి వచ్చు మధుమేహములో చాలవరకు ఇన్సులిన్ ఉండియు శరీరము దానికి లోబడకుండుటయే ముఖ్యకారణము. మందుపెట్టి కణములను చంపిన ఎలుక వ్యాధియు, మన ఇంటి పెద్దల వ్యాధియు ఒకటి కావు.

హాని లేదను మాటను ఇప్పుడు పరీక్షింతము. శ్రీలంక శాస్త్రజ్ఞులు తమ దేశమున వాడుకలోనున్న 75 ఔషధపు మొక్కలను పరిశీలించి, మూడింటిలో పిర్రోలిజిడిన్ ఆల్కలాయిడులు ఉన్నట్లు 1981లో ప్రకటించిరి. ఇవి కాలేయమునకు చెరుపు చేయు పదార్థములు. ఆ మూడింటిలో తంగేడు ఒకటి. ఆ మొక్కలను తినిపించిన ఎలుకల కాలేయములు దెబ్బతిన్నవి. దీనినిబట్టి ఒక కప్పు తంగేడు నీరు విషమని చెప్పరాదు. అదియు ఎలుకల పరీక్షయే. కాని చక్కెర తగ్గినదని చెప్పిన ఎలుకను సాక్షిగా పిలిచి, కాలేయము చెడినదని చెప్పిన ఎలుకను బయటికి పంపుట న్యాయము కాదు. ఈ ప్రకటనలపై మన ముఖ్యమైన ఆక్షేపణ ఇదియే.

మందులతో కలిసినప్పటి సంగతి మరొకటి. తంగేడు నీరు పట్టించిన ఎలుకల రక్తములో మూర్ఛకు వాడు కార్బమజెపీన్ అను మందు మోతాదు పెరిగినట్లు 2004లో శ్రీలంకలోనే కనుగొనిరి. చక్కెర తగ్గించు మాత్రలు వాడువారు, అదే పని చేయునని చెప్పబడు కషాయమును కూడ చేర్చుకొన్నచో చక్కెర మితిమీరి పడిపోవు అపాయము కలదు. చెమటలు, వణకు, కళ్లు తిరుగుట దాని గుర్తులు. అంతకన్న పెద్ద ప్రమాదము, కషాయమును నమ్మి మాత్రలను, ఇన్సులిన్‌ను మానుట. నొప్పి తెలియకుండగనే కన్నులు, మూత్రపిండములు, నరములు చెడిపోవును.

మన సీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఇక్కడి కొన్ని గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరునకు 1 మిల్లీగ్రాము వరకు మంచిదనియు, వేరు నీరు లేనిచోట 1.5 మించరాదనియు ప్రమాణము. కషాయమును నాలుగు గ్లాసులు పోసి ఒక గ్లాసునకు మరిగింతురు. నీరు ఆవిరియగును గాని ఫ్లోరైడు కాదు. కనుక ఆ ఒక్క గ్లాసులో నాలుగు గ్లాసుల ఫ్లోరైడు నిలుచును. అట్టి ఊళ్లలో శుద్ధిచేసిన నీటితోనే కాచవలెను.

మొక్కను గుర్తించుటయు ముఖ్యమే. పసుపు పూలు గల కసింద మొక్క తంగేటికి దగ్గరి చుట్టము. దాని గింజలు తిన్న పిల్లలకు కాలేయము, కండరములు, మెదడు ఒక్కసారిగా దెబ్బతినుచున్నట్లు పశ్చిమ ఉత్తరప్రదేశ్ వైద్యులు 2007లో నిరూపించిరి. తంగేటి ఆకు మొదట చెవి ఆకారములో వెడల్పైన పత్రపుచ్ఛములు ఉండును. ఆరిక్యులేటా అను శాస్త్రనామమునకు చెవులు గలదని అర్థము. పత్రకములు చిన్నవి, మొన గుండ్రము. కసింద పత్రకములు పెద్దవి, మొన వాడి; నలిపినచో చెడువాసన వచ్చును. ఉపాధ్యాయులు రెండు కొమ్మలను తెప్పించి తరగతిలో చూపవచ్చును. నేలతంగేడు, అనగా సునాముఖి, వేరు మొక్క, అది విరేచనకారి. ఒంటి మలినములు పోవునని చెప్పు పానీయములలో సునాముఖి ఉన్నచో, పోవునది నీరు, లవణములే. రక్తమును శుద్ధి చేయు పని కాలేయము, మూత్రపిండములు ఎవరు చెప్పకుండగనే చేయుచున్నవి.

ఇట్టి మాటలు మన దేశముననే కాదు. ఐరోపాలో డాండిలియన్ అను కలుపుమొక్క టీని గూర్చియు ఇట్లే చెప్పుదురు. దాని ఆకుసారము మూత్రము జారీచేయునా అని 2009లో మనుష్యులనే పరీక్షించిరి. కాని పాల్గొన్నవారు 17 మంది, మందిచ్చినది ఒక్క దినము. మధుమేహమును నయము చేయుదుమని ప్రకటించుటను మన దేశమున 1954 నాటి చట్టమే నిషేధించినది.

కనుక రుచి కొరకు, ఆరోగ్యవంతులు అప్పుడప్పుడు పలుచగా ఒక కప్పు త్రాగుటకు భయపడనక్కరలేదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పసిపిల్లలు, కాలేయవ్యాధి గలవారు దీనిని మానుట మేలు. మధుమేహ రోగి త్రాగదలచినచో వైద్యునికి చెప్పి, మాత్రలు మానక, రక్తపరీక్ష చేయించుకొనుచు త్రాగవలెను. ఇంటిలో తాతగారి మాత్రల డబ్బా ప్రక్కకు జరిగి, దాని చోట పూల పొట్లము వచ్చినచో, ఆ సంగతిని వెంటనే పెద్దలకు తెలుపుట విద్యార్థుల వంతు.